ఛాతీ ఎత్తులో చెదిరిన పొగ

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళు సాధారణంగా ముందు రిటైరవుతారు. శాలువా కప్పించుకుంటారు, గోడ గడియారం ఇంటికి తెచ్చుకుంటారు, మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక కలం పడతారు. నాకంత ఓపిక లేదు. నా మొదటి ఉద్యోగం నుంచి నేను ఇరవై ఆరో ఏటే రిటైరయ్యాను. శాలువా ఎవరూ కప్పలేదు. చలికాలం కాబట్టి కప్పి ఉంటే పనికొచ్చేది. డిప్లొమా చేత పట్టుకుని కొత్తగా బయటికొచ్చిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, నేను మీకంటే ఆరేడేళ్ళు పెద్ద. ఈ పెద్దరికం ఎన్నాళ్ళుంటుందో తెలియదు గనుక ఉన్నప్పుడే వాడేసుకుంటున్నాను.

ఉద్యోగం వనపర్తిలో, బస్టాండుకు కాస్త ఎడంగా ఉన్న రేకుల షెడ్డులో. బోర్డు మీద ఇంజనీరింగ్ వర్క్స్ అని ఉండేది. లోపల గేట్లు, కిటికీ జాలీలు, బీరువాలు తయారయ్యేవి. యజమాని మాకు పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పిన లెక్చరరే. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక షెడ్డు పెట్టారు. ఫస్టుక్లాసువాళ్ళంతా హైదరాబాదు బస్సెక్కగా మిగిలిన నన్ను పనిలో పెట్టుకున్నారు. నేను బిజినేపల్లి నుంచి రోజూ వచ్చిపోయేవాణ్ణి. నా హోదా డిజైన్ ఇంజనీరు. అంటే, గేటు మీది నెమలి ఎటువైపు చూడాలో నిర్ణయించేవాణ్ణి.

సారుకు గేట్లంటే చులకన. కరెంటు లేకుండా గాలిని నడిపించాలన్నది ఆయన జీవితాశయం. ఫ్యాను తిరగకుండా గది చల్లబడాలి, మోటారు లేకుండా గింజ ఆరాలి. కరెంటు కోతలు పెరిగేకొద్దీ ఆయన ముఖంలో కళ పెరిగేది. వెల్డింగు మధ్యలో కరెంటు పోతే మేం తిట్టుకునేవాళ్ళం. సారు మాత్రం "సూసినవా, నేను చెప్తనే ఉన్న" అనేవారు, అక్కడెవరో ఆయన మాట కాదన్నట్టు.

ఆ ఆశయానికి తగిన గిరాకీ గద్వాల వైపు నుంచి వచ్చింది. నడివయసు ఆవిడ, గద్వాల దగ్గరి ఊళ్ళో సీడుపత్తి ఆర్గనైజరు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఆ వైపు చాలామంది పత్తిని దూది కోసం కాదు, విత్తనం కోసం పండిస్తారు. విత్తనాల కంపెనీకీ రైతుకూ నడుమ నిలబడి, ఊరి గింజంతా పోగుచేసి అప్పజెప్పి, ఏది తప్పినా రెండు వైపులా మాట పడే మనిషిని ఆర్గనైజరు అంటారు. అది ఎక్కువగా మగవాళ్ళు చేసే పని. నువ్వెట్లా చేస్తున్నావక్కా అని అడిగితే "నోరున్నది గద తమ్మీ" అంది. ఇంకే అర్హతా అవసరం లేదని తర్వాత నాకూ అర్థమైంది.

ఆమె కష్టం తడి. పత్తి ఏరే కాలంలోనే ముసురు పడుతుంది. దూది విడదీసే జిన్నింగు నుంచి వచ్చిన గింజలో చెమ్మ మిగిలిపోతుంది. చెమ్మ గింజను గోనెసంచిలో కుక్కితే వేడెక్కి బూజు పడుతుంది, మొలవదు. మొలక పరీక్షలో తప్పిన గింజను కంపెనీ తీసుకోదు, మరుసటి ఏడు ఆ ఊరికి సీడు ఇవ్వదు. ఏటా రైతులు రాయచూరు దాకా మోసుకుపోయి అక్కడి మిల్లులో ఆరబెట్టించుకునేవాళ్ళు. ముసురు రోజుల్లో అక్కడ వరస వచ్చేసరికే సగం గింజ పాడయ్యేది.

"ఊరోళ్ళకు మాటిచ్చిన సారూ" అంది అక్క. "ఈ యేడు రాయచూరు పోవద్దు, నా రూములనే ఎండబెడ్త అన్న. రూము ఇంకా లేదు. మాట మాత్రం ఇచ్చేసిన."

ఇలాంటి మాటలు వింటే సారుకు రక్తం పొంగుతుంది. నాకు బస్సు టైము గుర్తొస్తుంది.

వెంటనే నమూనా చూపించాం. మోకాలెత్తు ఇనుప రేకు, దాని వెనక అతికించిన వేడినీళ్ళ డబ్బా. రేకు అడుగున సారు ఒక అగర్‌బత్తి గుచ్చారు. పొగ రేకును కరుచుకుని, చీర అంచులా సన్నగా, వంకరన్నది లేకుండా పైదాకా పోయింది. గద్వాల మనిషికి అంచు చూపిస్తే ఏమవుతుందో సారుకు తెలుసు.

"సూడమ్మా, దారం గుంజినట్టు ఎట్ల పోతుందో. వేడి తగిలిన గాలి తేలికైతది, గోడ పట్టుకొని మీదికి పోతది. దాని జాగల కింద నుంచి కొత్త గాలి వస్తది. ఫ్యాను లేదు, మోటరు లేదు. ఇగ దాన్ని ఎవ్వరూ ఆపలేరు."

"ఆపుడు సంగతి తర్వాత సారూ. గింజ ఎండుతదా?"

"ఎండక ఏం జేస్తది? ఇదే, జర పెద్దగ కడ్తం. గంతే."

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఉద్యోగంలో ఎవరైనా 'ఇదే, కాస్త పెద్దగా' అన్నారంటే ఇంకేమీ వినకుండా సెలవు పెట్టండి.

అక్క ఇంటి వెనక దొడ్లో గది లేచింది. ఒక పక్క రెండు నిలువుల ఎత్తు గోడ. గోడ లోపల ఇనుప పైపులు, వాటిలో వేడినీళ్ళు. బయట పల్లిపొట్టు మంట మీద ఒక పెద్ద డ్రమ్ము. నీళ్ళు కూడా వేడికి వాటంతటవే తిరగాలి, కరెంటు జోలికి పోకూడదు. గోడకు ఎదురుగా, జానెడు ఎడంగా, కింది నుంచి పైదాకా జాలీ అడుగున్న ట్రేలు. వాటిలో గింజ. గాలి లోపలికి రావడానికి నేల దగ్గర కన్నాలు, బయటికి పోవడానికి పైన కన్నాలు. గోడ నున్నగా ఉంటేనే గాలి నున్నగా పోతుందని సారు సిద్ధాంతం. అందుకని ఆత్మకూరు నుంచి ఒక మేస్త్రీని పిలిచారు.

అందరూ ఆయన్ను చాచా అనేవాళ్ళు. నునుపుకు పేరున్న మనిషి. తాను పూసిన గోడ మీద ఈగ వాలితే జారి పడుతుందని ఆయనే చెప్పేవాడు. నేను చాలాసేపు నిలబడి చూశాను. ఈగలు వాలాయి, పడలేదు. ఆ మాటే ఆయనతో అంటే, "ఈ ఈగలు గద్వాలవి బేటా, వీటికి తమీజ్ లేదు, మర్యాద తెల్వదు" అన్నాడు.

గోడ ఆరిన తర్వాత ప్రారంభోత్సవం. అంటే డ్రమ్ము కింద మంట, గోడ అడుగున అగర్‌బత్తి, చుట్టూ అక్క, చాచా, నేను, గింజ ఇవ్వబోయే రైతులు కొందరు. పొగ బయల్దేరింది. మోకాలు దాటింది, నడుము దాటింది, గోడను వదలకుండా అందంగా పోతోంది. సారు గొంతు సవరించుకున్నారు. సరిగ్గా ఛాతీ ఎత్తుకు చేరగానే పొగ ఒకసారి వణికింది. ఇంకాస్త పైన మెలికలు తిరిగింది. ఆపైన, బస్సు ఆగేదాకా వరసలో నిలబడి ఆగగానే తలుపు మీద పడే జనంలా, ఎటు పడితే అటు చెదిరిపోయింది.

"ఏందిది?" అన్నారు సారు, పొగను చూసి.

పొగ జవాబు చెప్పలేదు. సారు అగర్‌బత్తి మార్చారు. ఇంకో సువాసన కూడా అదే ఎత్తులో చెదిరింది.

"సారూ, వనపర్తిల పొగ సీదా పోయింది" అంది అక్క. "మా ఊరి పొగకేం రోగమొచ్చింది?"

"పొగకు గాదమ్మా, గోడకు. ఎక్కడో ఎత్తుపల్లాలున్నయి."

చాచా లేచి నిలబడ్డాడు. "నా గోడకా? చెయ్యి పెట్టి సూడుండ్రి సారూ. గడ్డం గీసినంక నా చెంప గుడ గింత నున్నగుండదు."

"నువ్వు గడ్డం ఎన్నడు గీసినవ్ చాచా?" అన్నాను. ఆయన గడ్డం కూడా ఛాతీ దాకానే.

అక్క పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. చాచా నవ్వలేదు. పగతో గోడను మళ్ళీ పూశాడు. సున్నం, మీద సిమెంటు పాలు, గుండ్రాయితో రుద్దుడు. ఆ నునుపు చూస్తే చేయి పెట్టడానికి కూడా మొహమాటం వేసేది. ఆరాక మళ్ళీ పొగ పెట్టాం. ఈసారి బెత్తెడు ఎత్తు పెరిగి చెదిరింది.

సారు ఆనందానికి అవధుల్లేవు. చాచాను కావలించుకున్నారు. మిర్చీలు తెప్పించారు. ఇంకొక్కసారి రుద్దితే పొగ పైకప్పు దాకా చెదరకుండా పోతుందని లెక్క కట్టారు. నేను మిర్చీ తింటూ డ్రమ్ము దగ్గరికి వెళ్ళి చూశాను. పొట్టు తడిసి మంట సగం చచ్చి ఉంది.

"సారూ, నీళ్ళు గోరువెచ్చగనే ఉన్నయి. అందుకే గావచ్చు" అన్నాను.

"నీకు ప్రతిదానికి ఒక ఎక్కిరింత. పనోని కష్టానికి జర విలువియ్యి."

మిర్చీలు అయిపోయాయి. పొడి పొట్టు వేశారు, నీళ్ళు కాగాయి, పొగ మళ్ళీ ఛాతీ ఎత్తుకు దిగింది. చాచా గోడ వంక చూసిన చూపు, కూతురు కాపురం విడిచి వచ్చినప్పుడు తండ్రి చూసే చూపు. మూడోసారి కూడా పూశాడు. ఫలితం మీరే ఊహించుకోండి. మీ ఊహ కంటే కాస్త తక్కువే వచ్చింది.

గోడలో తప్పు దొరక్కపోయేసరికి సారు మనుషుల్లో వెతకడం మొదలుపెట్టారు. తలుపు తెరిస్తే గాలి కదులుతుంది, తెరవొద్దు. నడిస్తే కదులుతుంది, నడవొద్దు. చెప్పులు బయట. మాటలు బయట. నేనొకసారి తుమ్మితే సారు పొగ వైపు, నా వైపు, మళ్ళీ పొగ వైపు చూశారు, నేరం రుజువైనట్టు. నిజానికి ఎవరమైనా కదిలితే పొగ చెదిరే చోటు కొంచెం అటూ ఇటూ జరిగేది, అంతే. అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డా అది చెదరడం మానలేదు.

"ఇది గింజలెండబెట్టే రూమా సారూ, సావుకాడ కూసున్న రూమా?" అంది అక్క. "రేపు నా కూలోళ్ళు ట్రేలు పట్టుకొని గాల్లె ఎగురుకుంట వస్తరా?"

ఈలోగా ముసురు పట్టింది. సన్నగా, తీరిగ్గా, ఎక్కడికీ పోవలసిన పని లేనట్టు కురుస్తోంది. జిన్నింగు నుంచి గింజ వచ్చేసింది. అక్క ఇంటి ముందు గదిలో గోనెసంచులు కప్పు దాకా పేరుకున్నాయి. రాయచూరులో వరస ఎంతుందో కనుక్కుని వచ్చిన రైతు ఒకతను తల అడ్డంగా ఊపి గడప మీద కూర్చుని బీడీ వెలిగించాడు. సంచుల మధ్య చెయ్యి పెడితే అప్పటికే వెచ్చగా తగులుతోంది.

"ఇగ పెట్టుండ్రి సారూ" అంది అక్క. "పొగ చెదిరితే చెదరనీ. కాని మొదాలు మాయి పెట్టుండ్రి. మా పొలం గింజ. అది ఎండినంకనే ఊరోళ్ళది ముట్టుకోవాలె."

"ముందు నీయే ఎందుకమ్మా? కొంచెం ఎవరిదైనా..."

"ఖరాబయితే? కంపెనీ పోతే ఇంకో కంపెనీ వస్తది సారూ. ఊర్లె మాట పోతే నేను ఏ గడప తొక్కాలె?"

ఆమె గింజను కింది నుంచి పైదాకా ట్రేలలో పరిచాం. ఊరి గింజ బూజు పట్టకుండా కూలీలు రోజూ సంచులు విప్పి తిరగబోస్తున్నారు. కింద ఒక థర్మామీటరు, పైన ఒకటి వేలాడదీశాం. రెండూ ఇంచుమించు ఒకే అంకె చూపించాయి. సారు వాటిని గంటకోసారి చూసి తల ఊపేవారు. థర్మామీటరు మంచి పరికరమే. కానీ దానిది నిదానపు మనిషి స్వభావం. ముందర ఎంత గొడవ జరిగినా సగటున అంతా బాగుందని చెబుతుంది.

కొన్ని రోజులకు ట్రేలు దించాం. గింజ ఎండిందో లేదో మా వైపు పంటితో చూస్తారు. కొరికితే పటుక్కుమనాలి. మెత్తగా నలిగితే చెమ్మ ఉన్నట్టు. పత్తిగింజకు నూగు ఉంటుంది కాబట్టి కొరికినవాడు తర్వాత కాసేపు ఉమ్ముతూ ఉంటాడు. ఆ మధ్యాహ్నం ఆ గదిలో అందరం కొరికాం, అందరం ఉమ్మాం. విద్యావంతులకూ పామరులకూ తేడా కనిపించని అరుదైన సన్నివేశం.

పై ట్రేల గింజ పటుక్కుమంది. కింది ట్రేలది మెత్తగా నలిగింది. అడుగున ఉన్నదైతే కొరకనక్కర్లేదు, వాసనే చెప్పింది. నూగు మీద పచ్చగా బూజు. సంచిలో వెచ్చబడి వచ్చిన గింజ, గాలి తగలని ఆ ట్రేలలో ఇన్ని రోజులూ మగ్గింది. పైన ఎండింది లెక్కలోకి రాదు, కంపెనీ ఒక్కో రైతు గింజనంతా కలిపే పరీక్షిస్తుంది. అక్క పొలం గింజ పోయినట్టే.

"పైన లొల్లి జేసిన గాలి కింది గాలిని గుడ చెడగొట్టింది" అన్నారు సారు నీరసంగా.

"గాదు సారూ, గోడల నీళ్ళున్నయి, అయి కిందికి దిగినయి" అన్నాడు చాచా. గోడ మీద ప్రేమ ఎంత ఉన్నా తప్పు నీళ్ళ మీదికి నెట్టే అవకాశం వదులుకోలేదు.

అక్క అడుగు ట్రే ముందు చతికిలబడింది. దోసిట్లో బూజు గింజ పట్టుకుని చూస్తోంది. నాకు మౌనం పడదు. అది నా జబ్బు.

"సారూ, గాలి బుద్ధిమంతుని లెక్క పోయిన కాడ గింజ ఎండలేదు. లొల్లి జేసిన కాడ ఎండింది. మన కాలేజిల గుడ గంతే గద. లైన్ల నిలబడెటోడు ఒక్కడన్న పని జేసిండా?"

సారు నా వైపు చూసిన చూపుకు ఇంకొకడైతే అక్కడే రిటైరయ్యేవాడు. కానీ అక్క తలెత్తింది.

"మల్ల అను తమ్మీ."

"కాలేజిదా?"

"నవ్వులాటది గాదు. దాని ముందుది."

మళ్ళీ అన్నాను. రెండోసారి చెప్పిన జోకు ఎప్పుడూ పేలదు. ఈసారి అసలు జోకులాగే లేదు. జరిగింది జరిగినట్టు చెప్పిన మాటలా ఉంది. గదిలో అందరూ గోడ వంక చూశారు. ఛాతీకి పైన ఎండింది, ఛాతీకి కింద ఎండలేదు. గీత గీసినట్టు.

సారు తలుపు దగ్గరి బోర్లించిన ట్రే మీద కూర్చున్నారు. వేలితో గాల్లో నిలువు గీత గీసి, "అరేయ్, నిలువు పలక మీద వేడి గాలి. ఏముండె రా ఆ ఆన్సరు?" అన్నారు.

నేను అప్పజెప్పాను. పరీక్షలో రాసినట్టే, రాగం తీసి. వేడి నిలువు పలక వెంట పైకి పోయే గాలి మొదట పొరలుగా, నెమ్మదిగా పోవును. ఎత్తు ఒక హద్దు దాటిన పిదప అలజడి చెందును. పలక వేడి పెరిగినకొద్దీ ఆ హద్దు కిందికి దిగును. అలజడి చెందిన చోట వేడి ఎక్కువగా గాలిలోకి చేరును. ఐదు మార్కుల ప్రశ్న. ఏటా వచ్చేది. ప్రశ్న ఇచ్చింది సారు, జవాబు డిక్టేట్ చేసింది సారు, దిద్దింది సారు. ఆయన అర్థం చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరం ఒకరికొకరు రుణపడకుండా ఏళ్ళు గడిపేశాం.

అందులో ఉన్నదంతా ఆ గోడ మీదే ఉంది. ఎత్తు రెండింతలైతే గాలి తిక్క రెండింతలు కాదు, ఎనిమిదింతలు పెరుగుతుంది. మోకాలెత్తు రేకు మీద పొగ సీదాగా పోయింది దాని మంచితనం వల్ల కాదు, హద్దు చేరేలోపు రేకే అయిపోవడం వల్ల. అద్దం గోడ కట్టినా, మేం ఊపిరి పీల్చడం మానేసినా అది చెదరక తప్పదు. పొట్టు తడిసిన రోజు బెత్తెడు ఎత్తు పెరిగిందంటే గోడ చల్లబడటం వల్లే. ఆ మిర్చీలు నిజానికి తడి పొట్టుకు దక్కాల్సినవి.

గింజ సంగతీ అంతే. ఛాతీకి కింద వేడిగాలి సన్నని పొరగా గోడకే అతుక్కుని పోతోంది. జానెడు దూరంలో ఉన్న ట్రేలను తాకను కూడా తాకట్లేదు, బాకీ ఉన్న చుట్టం తలవంచుకుని ఇంటి ముందు నుంచి పోయినట్టు. ఛాతీకి పైన చెదిరి, పొర్లి, ట్రేల మీద పడి, వేడి ఇచ్చి చెమ్మ తీసుకుని పోతోంది. మేం వారాల తరబడి బాగుచేయాలని చూసింది ఆ గదిలో పనిచేస్తున్న ఒకే ఒక్క భాగాన్ని.

"నీకెన్ని మార్కులేసిన దానికి?" అని అడిగారు సారు.

"నాలుగు."

"ఐదు ఎందుకెయ్యలే?"

"బొమ్మ గియ్యలేదు సారూ."

సారు తల ఊపారు. ఆ స్థితిలో కూడా మార్కు పెంచలేదు.

మిగిలింది ఒకటే పని. పొగ మోకాలి దగ్గరే చెదరాలి. గోడ మీద కింది భాగంలో అడ్డంగా కర్ర బద్దలు బిగిస్తే, గాలి వాటికి తట్టుకుని తొందరగా చెదురుతుందని సారు ఆలోచన. ట్రేలను గోడకు ఇంకా దగ్గరికి జరపాలి, మోకాలి కింద వరసలు తీసేయాలి. చెప్పడానికి తేలికే. గోడ మీద మేకులు కొట్టాలని చాచాతో ఎవరు చెప్పాలి? సారు నన్ను చూశారు. నేను అక్కను చూశాను.

"నా చేతితోని నా గోడ ఖరాబ్ జెయ్యాల్నా?" అన్నాడు చాచా. "మూడు మాట్ల పూసిన. నా భుజం పోయింది. ఇప్పుడు మేకులు కొట్టుమంటరా? తోబా!"

"చాచా, గోడ నాది" అంది అక్క. "సంచులల్ల గింజ ఊరిది. చెయ్యి పెట్టి సూడు ఎట్ల కాగుతున్నదో. నీ గోడ సల్లగుండాలె అంటే చెప్పు, నేనే పోయి ఊరోళ్ళకు చెప్పొస్త, చాచా గోడ శానా నున్నగున్నదని."

చాచా సంచిలో చెయ్యి పెట్టాడు. తీశాడు. సుత్తి అడిగాడు.

"ఈ గోడ కట్టింది నేనని ఎవ్వరికీ చెప్పకుండ్రి. ఆత్మకూరుల తలెత్తుకొని తిరగాలె."

తీరా చూస్తే ఆయన బిగించిన బద్దలు నీటిమట్టం పెట్టి బిగించినట్టు తిన్నగా, అంచులు నున్నగా ఉన్నాయి. పాడుచేయమంటే ముద్దుగా పాడుచేశాడు. జర వంకరగా కొట్టు చాచా అంటే, "నాకు రాదు బేటా" అన్నాడు నిజాయితీగా. అప్పుడు సుత్తి నేను తీసుకున్నాను. బద్దల మధ్య అడ్డదిడ్డంగా చెక్కముక్కలు కొట్టాను. నా ఉద్యోగ జీవితంలో నా సహజ ప్రతిభ అవసరమైన రోజు అదొక్కటే.

అగర్‌బత్తి పెట్టాం. పొగ బద్దల దాకా వచ్చి తడబడింది, మోకాలు దాటగానే విరిగి, సుళ్ళు తిరుగుతూ ట్రేల మీదికి పొర్లింది. మునుపు పొగ చెదిరితే తల పట్టుకున్న సారే ఇప్పుడు "శభాష్! ఇంకా లొల్లి జెయ్యి!" అని పొగను ఉసిగొల్పుతున్నారు. తలుపులు తెరిచాం. చెప్పులతో నడిచాం. కూలీలు పాటలు పాడుకుంటూ ట్రేలు మార్చారు. బద్దల వల్ల ఎంత లాభమో, ట్రేలు దగ్గరికి జరపడం వల్ల ఎంతో, మంటకు పొడి పొట్టు దొరకడం వల్ల ఎంతో, ఈ రోజుకీ నాకు తెలియదు. సారుకు తెలుసు. ఆయన్ను అడిగితే అన్నీ బద్దల వల్లే అంటారు.

ఇదంతా విని ఆ గది ఎక్కడుందో చూసొద్దామని బయల్దేరకండి. రెండు సీజన్లే నడిచింది. తర్వాత కంపెనీయే జనరేటరు, పెద్ద పెద్ద ఫ్యాన్లతో ఆరబెట్టే యంత్రం తెచ్చి పెట్టింది. ఆ గదిలో ఇప్పుడు అక్క మేకల్ని కడుతోందట, గోడ వెచ్చగా లేకపోయినా వాటికి ఫిర్యాదు లేదు. సారు మళ్ళీ గేట్లకు దిగారు. నెమళ్ళు నాకు విసుగొచ్చి రిటైరయ్యాను.

కానీ ఆ ముసురు ఇంకా తెరిపివ్వని ఒక పొద్దున మమ్మల్ని గద్వాల రమ్మని అక్క కబురు పెట్టింది. కంపెనీకి పంపే ముందు ఊళ్ళో తామే మొలక చూసుకుంటారు. ప్రతి రైతు గింజ నుంచి కాసిని తీసి, తడిగుడ్డలో పరిచి, చాపలా చుట్టి, వెచ్చటి మూల పెడతారు. ఆ రోజు గుడ్డలు విప్పే రోజు. జూరాల మీదుగా బస్సు పోతున్నంతసేపూ సారు ఒక్క సిద్ధాంతం కూడా చెప్పలేదు. నాకు భయం వేసింది.

అక్క వసారాలో రైతులు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. చాచా కూడా ఉన్నాడు. గోడ కట్టింది తానని ఎవరికీ చెప్పొద్దన్న మనిషి ఆత్మకూరు నుంచి తెల్లారకముందే వచ్చేశాడు. అక్క మొదటి చుట్ట విప్పింది. తెల్లటి మొలక వేర్లు, గుడ్డ దారాలను పట్టుకుని. రెండోది విప్పింది. మూడోది. వసారా నిండా తడి వాసన. నేను ఏదో అన్నాను, చాలా మంచి జోకే, ఇప్పుడు గుర్తు లేదు. ఎవరూ వినలేదు. వేళ్ళతో తడుముతూ మొలకలు లెక్కపెట్టుకుంటున్నారు. గడప మీద బీడీ కాల్చిన రైతు తన గుడ్డను రెండుసార్లు లెక్కపెట్టి, పక్కవాడి చేత కూడా లెక్కపెట్టించి, అప్పుడు వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.

చివరి చుట్ట అక్కది. పై ట్రేల గింజా కింది ట్రేల గింజా కలిపి వేసుకుంది. ఒక పక్క కొంచెం విప్పి లోపలికి చూసింది. నాకు ఆ పక్క నుంచి బూజు రంగు కనబడింది. మళ్ళీ చుట్టేసి ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా, నీ గింజ..." అన్నారు సారు. ఆయన గొంతు అంత చిన్నగా పలకగలదని నాకప్పుడే తెలిసింది.

"ఊకోండ్రి సారూ. సల్లారిపోతది, చా తాగుండ్రి."

ఆమె లేచి, కొంగు తల మీద వేసుకుని తుంపర్లోనే వీధిలోకి దిగింది. వసారాకు రాని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ప్రతి గడప దగ్గరా ఆగి, "మీయి మొలిచినయి, మంచిగ మొలిచినయి" అని చెప్పుకుంటూ పోతోంది. సారు, నేను వెనక నడిచాం. నాలుగో ఇంటి చూరు కింద చేటలో బియ్యం చెరుగుతున్న ముసలామె చెయ్యి ఆపి, "మరి నీయేమైనయే?" అని అడిగింది.

"ఎండుతున్నయి పెద్దమ్మా" అంది అక్క, ఆగకుండానే, తర్వాతి గడప వైపు నడుస్తూ.